నలభై పైకప్పులు

1,212వ రోజు

ఈ పుస్తకం రోజూ రాయాలని వేదవల్లి మేడం ఆజ్ఞ. మేడం రాళ్లకొండ శిబిరంలో జీవనోపాధి విభాగానికి అధికారి. నేను అదే విభాగంలో ప్రేరకుణ్ని. ప్రేరకుడంటే, పనిలోకి రానని భీష్మించిన మనిషి గుమ్మంలో కూర్చుని, వస్తాననేదాకా లేవనివాడు. పూర్వం ఈ విద్య పెళ్లిళ్ల పేరయ్యల దగ్గర ఉండేది. ఇప్పుడు దానికి గుర్తింపు కార్డు ఇస్తున్నారు.

పేరు కొపనాతి తాతాజీ. వయసు ఇరవై నాలుగు. చదువు బీయస్సీ. ఆఖరి పరీక్ష రాస్తుండగా కాలేజీలోకి సముద్రం వచ్చింది. అందువల్ల నేను పాసూ కాలేదు, ఫెయిలూ కాలేదు. మా వంశంలో ఇంత నిష్పక్షపాతంగా ఎవరూ చదవలేదు.

ఇక పని సంగతి. మా ఊరు పెదమొగ ఇక్కడికి మూడు వందల కిలోమీటర్ల దూరంలో, తొమ్మిది మీటర్ల నీళ్ల కింద ఉంది. శిబిరం చట్టం ప్రకారం మా కాళ్లు కంచె దాటకూడదు. చేతుల గురించి చట్టం ఏమీ అనలేదు. అందుకని జలగర్భ అనే సంస్థవారు నీళ్లలో యంత్రాలను దింపారు. ఇక్కడ రేకుల షెడ్డులో మేం తొడుగులు వేసుకుని చేతులు కదిపితే, అక్కడ ఊళ్లో ఇనప చేతులు కదులుతాయి. ఆ బురద నీటిలో కెమెరాకు ఏమీ కనపడదు. తగిలింది పెంకో, వాసమో, పాము చర్మమో చేతికే తెలియాలి. తొడుగులు ఆ స్పర్శను వేళ్లకు అందిస్తాయి. మా ఇళ్ల మీది బంగళాపెంకులు, టేకు వాసాలు, దూలాలు ఒక్కటీ విరగకుండా విప్పి పైకి పంపడమే మా ఉపాధి. మునిగిన ఊళ్ల టేకంటే నగరాల్లో గిరాకీ ఎక్కువ. వాటితో భోజనశాలలు కడతారట. మేం తిన్న కప్పు కిందే వాళ్లూ తింటారు. ఇంతకంటే సహపంక్తి భోజనం ఏముంటుంది?

నిరుడు ఈ పని వచ్చినప్పుడు ఎవరూ ఒప్పుకోలేదు. సొంత ఇల్లు చేతులారా విప్పుకోవడమేమిటన్నారు. అప్పుడు మా మేనత్త నూకరత్నం ఒక షరతు పెట్టింది. పైకప్పు విప్పుతాం, గోడ జోలికీ గడప జోలికీ పోం. గడప ఉన్నంతకాలం ఇల్లు మాది. ఊళ్లో ఎప్పుడూ అంతే. తుఫాను తర్వాత కప్పు లేచిపోయినా, ఆడవాళ్లు తెల్లారి గడపకు పసుపు రాసేస్తే ఆ ఇల్లు బతికున్నట్టే లెక్క.

జలగర్భవారు చిరునవ్వుతో ఒప్పుకుని ఒప్పందంలో పెద్దక్షరాలతో రాశారు. మేడం ఎంతో మురిసిపోయి ఆ సంగతి తన నివేదికలో రెండు పేజీలు రాశారు. అత్త తన ఇంటి కప్పే మొదట విప్పింది. అడిగింది నేను. అత్త విప్పితే మిగతావాళ్లు వస్తారని నా ప్రేరణ. వచ్చారు, ఎనభై మంది.

ఈరోజు అత్త సంగానివారి వంటింటి మీద పనిచేస్తోంది. కళ్లు మూసుకుని గాలిలో చేతులు ఆడిస్తూ అంది:

"ఒరేయ్ తాతాజీ, ఈ వాసం ఇంకా జిడ్డుగానే ఉందిరా. మూడేళ్లు నీళ్లలో నానింది."

"ఏం జిడ్డత్తా?"

"నూనె పొగ. వాళ్ల కోడలు పోపు వేత్తే వీధంతా దగ్గేది. ఇప్పుడు చేపలు దగ్గుతుంటాయి."

షెడ్డంతా నవ్వింది. సంగానివారి కోడలు కూడా. ఆమె మూడో వరసలో పోస్టాఫీసు విప్పుతోంది.

1,219వ రోజు

చారిత్రక దినం. మా శిబిరాన్ని 'స్వయంపోషక శిబిరం'గా ప్రకటించడమైనది. గేటు దగ్గర బోర్డు పెట్టారు. ఎక్కడినుంచో నలుగురు అతిథులు వచ్చి మా చేతులతో కరచాలనం చేశారు. ఒకాయన ఓలేటి పోలయ్య చెయ్యి వదలకుండా ఫొటో తీయించుకున్నాడు. పోలయ్య మా ముఠా మేస్త్రి. ఒకప్పుడు మర పడవ నడిపేవాడు. అతనికి ముగ్గురు ఆడపిల్లలు.

"ఎందుకురా అంతసేపు పట్టుకున్నాడు? చెయ్యి కూడా విప్పుకుపోతాడేమో అనుకున్నా," అన్నాడు పోలయ్య.

స్వయంపోషకులం అయ్యాం గనుక ఉచిత బియ్యం, ఉచిత నీళ్లు నేటినుంచి ఆగిపోయాయి. ఇకపై పనిచేసిన షిఫ్టుకు కూలితోపాటు చీటీ ఇస్తారు. చీటీ చూపిస్తే బియ్యం, నీళ్లు. ముసలివాళ్లకు వేరే ఏర్పాటు ఉందని మేడం చెప్పారు. ఆ ఏర్పాటు పేరు 'కుటుంబం'.

ఇందులో నాకు తప్పేమీ కనపడలేదని నమోదు చేస్తున్నాను. ముందు ముందు ఎవరైనా ఈ పుస్తకం చదివి, ఈ బీయస్సీవాడికి అప్పుడే తెలియలేదా అని అడగవచ్చు. తెలియలేదు. నేను ఆ బోర్డు ముందు నిలబడి బొటనవేలు చూపించి ఫొటో దిగాను.

1,226వ రోజు

పునరావాస విభాగం నుంచి ఉత్తర్వు వచ్చింది. గోడకు అంటించే పని నాది. అంటించే ముందు చదివే దురలవాటు కూడా నాదే.

సారాంశం ఇది. మునిగిన ఊళ్లకు మెట్ట ప్రాంతంలో మారు భూమి ఇస్తారు. అక్కడ ఊరికి ఊరు కట్టుకోవచ్చు, శిబిరం వదిలి వెళ్లిపోవచ్చు. ఏ ఊరికి ఇవ్వాలో తేల్చడానికి 1,250వ రోజున నీళ్లలోకి ధ్వని తరంగాలు పంపి సర్వే చేస్తారు. పైకప్పుతో నిలిచిన ఇళ్లు నలభై గానీ, అంతకు మించి గానీ ఉంటే అది ఊరు. నలభైకి ఒక్కటి తగ్గినా అది ఊరు కాదు, 'పూర్వపు జలమగ్న ప్రదేశం'. అక్కడి మనుషులు ఏ ఊరివాళ్లూ కారు గనుక వాళ్లకు భూమి రాదు. శిబిరంలోనే ఉంటారు.

గడప గురించి ఉత్తర్వులో ఒక్క మాటా లేదు. ధ్వని తరంగానికి గడపలు ఆనవు. దానికి పసుపు వాసన తెలియదు.

మేం పని మొదలుపెట్టినప్పుడు పెదమొగలో కప్పున్న ఇళ్లు రెండు వందల పద్నాలుగు. షెడ్డు రిజిస్టరు తీసి చూశాను. ఈ సాయంత్రానికి అరవై ఒకటి. మొదట్లో వారానికి ఒకటి కూడా అయ్యేది కాదు, ఇప్పుడు చెయ్యి తిరిగి రోజుకు మూడు విప్పుతున్నాం. ఎనిమిదో రోజుకు మేం ఎవరమూ కాము.

ఇన్నాళ్లూ ఈ పుస్తకంలో నేను వేసిన జోకులు లెక్కపెట్టలేదు. ఇవాళ ఒక్కటీ తట్టడం లేదని నమోదు చేయడమైనది.

1,227వ రోజు

ఉత్తర్వు తీసుకుని మేడం దగ్గరికి వెళ్లాను. ఆవిడ చదివి, అద్దాలు తీసి, మళ్లీ పెట్టుకుని, మళ్లీ చదివారు.

"ఇది పునరావాసంవాళ్లది. నాది జీవనోపాధి. వాళ్లు మాకు చెప్పరు తాతాజీ."

"మీరు వాళ్లకు చెప్పారాండి, మేం కప్పులు విప్పుతున్నామని?"

ఆవిడ ఉత్తర్వు మడిచి బల్ల మీద పెట్టి అన్నారు: "ఉచితంగా తిండి పెడితే మనుషుల్ని కూర్చోబెట్టి పాడు చేస్తున్నామంటారు. పని చూపిద్దామంటే బయటి పని ఇవ్వనివ్వరు, బయటివాళ్ల కూలి పడిపోతుందంటారు. ఎవరికీ అడ్డం రాని పని ఇదొక్కటే దొరికింది. మీ ఊరు ఎవరికీ అక్కర్లేదు కదా."

"మాకు కావాలండి."

"నాకు తెలుసు," అని ఆవిడ కిటికీలోంచి బయటికి చూశారు. మంచి మనిషి. పోలయ్య చిన్న కూతురికి జ్వరం వస్తే తన మంచినీళ్ల సీసా పంపారు. చెడ్డవాళ్లయితే తిట్టుకుని నిద్రపోయేవాణ్ని.

అక్కడికక్కడే పై ఆఫీసుకు రాశారు. గంటలో సమాధానం వచ్చింది. ఉపాధిలో చేరడం, భూమికి అర్హత పొందడం రెండూ పూర్తిగా శరణార్థుల ఇష్టమేనట. పని మానుకునే స్వేచ్ఛ మాకు సంపూర్ణంగా ఉందట. మానుకున్నవారికి ఉచిత బియ్యం తిరిగి రావాలంటే దరఖాస్తు చేసుకోవాలి. పరిశీలనకు ఆరు నెలలు.

1,228వ రోజు

షిఫ్టు మొదలవకముందే షెడ్డులో అందరికీ చెప్పేశాను. నవ్వించకుండా నేను మాట్లాడటం వాళ్లకదే మొదటిసారి. మొదట ఎవరూ నమ్మలేదు. ఏదో జోకు కోసం ఎదురు చూశారు. అది రాకపోయేసరికి అర్థమైంది.

"అంటే, కప్పుంటే భూమి. మనం ఏడాదిగా కప్పులు పీకుతున్నాం," అన్నాడు పోలయ్య.

"అంతే."

"గడపలు అలాగే ఉన్నాయి గదరా."

"గడపలు లెక్కలోకి రావంట పోలయ్య బావా."

ఒకావిడ ఏడుపు మొదలుపెట్టింది. ఇంకొకాయన నా చొక్కా పట్టుకున్నాడు. పట్టుకోవలసిందే. ఆయన ఇంటి గుమ్మంలో నాలుగు రోజులు కూర్చుని పనిలోకి రప్పించింది నేనే.

"చొక్కా వదలరా," అంది అత్త. "ఆడు చదివినోడు, మనం చదవనోళ్లం. ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. ఇంక చదువుకీ మనకీ తేడా ఏముంది?"

ఆమె తొడుగులు తీసి బల్ల మీద పెట్టింది. మొదట తొడిగింది ఆమే గనుక మొదట తీయడం కూడా తనదే బాధ్యత అనుకుందేమో. ఒక్కొక్కరూ తీశారు. ఆఖరున పోలయ్య. తీసి, రెండు చేతులూ చూసుకుంటూ, "పిల్లలకి ఏం పెట్టాలో అది కూడా చెప్పు తాతాజీ," అన్నాడు. గొంతులో కోపం లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

నా దగ్గర, నిన్నటి మూడూ పోగా, యాభై ఎనిమిది కప్పులు మాత్రం ఉన్నాయి.

1,232వ రోజు

పని ఆపి ఐదో రోజు. మిగిలిన చీటీలన్నీ ఒకచోట పోగేసి, చిన్నపిల్లలున్న ఇళ్లకు ముందు పంచారు. పెద్దవాళ్లకు ఒక పూట గంజి. నిన్న ఇద్దరు ముసలివాళ్లు నీళ్ల వరసలో పడిపోయారు. ఒకాయన లేచాడు. రెండో ఆయన మల్లాడి వెంకన్న. మా ఊళ్లో వల వేయడంలో ఆయన్ను మించినవాడు లేడు. ఆయన లేవలేదు.

పాతిపెట్టడానికి స్థలం కావాలంటే, శిబిరం నిబంధనల ప్రకారం దానికీ దరఖాస్తు ఉంది. అది మాత్రం ఒక్క పూటలో మంజూరైంది.

అత్త గంజి తాగడం లేదని గమనించాను. అడిగితే ఆకలి లేదంది. నువ్వు తాగకపోతే నేనూ తాగనని బెదిరించాను.

"తాగకు," అంది. "ఇద్దరి గంజీ పోలయ్య పిల్లలకి పోద్ది. మంచి ఆలోచన."

ప్రేరకుడిగా నేను ఓడిపోయిన మొదటి సందర్భం.

1,234వ రోజు

జలగర్భవారి మనిషి వచ్చాడు. మంచి చొక్కా, మంచి మాట. మా మనోభావాలు పూర్తిగా అర్థమయ్యాయట. సొంత ఊరు విప్పుకోవడం ఎవరికైనా బాధే. అందుకని వాళ్లు ఒక మానవీయ పరిష్కారం కనుగొన్నారు. గువ్వలంక అని మా ఊరికి దగ్గర్లోనే, గోదావరి మధ్యలో ఇంకో మునిగిన ఊరుంది. అక్కడివాళ్లు వేరే శిబిరంలో ఉన్నారు. ఇకమీదట గువ్వలంకను మేం విప్పాలి. పెదమొగను వాళ్లు విప్పుతారు. కొత్త చేతులకు దారి తెలియదు గనుక, ఏ ఊరికి ఆ ఊరి మనిషి ఒకరు లైనులో కూర్చుని ఆనవాళ్లు చెబుతుండాలి. రేపు సంతకం చేస్తే రేపే చీటీలు. చేయకపోయినా పెదమొగ పని ఆగదు, గువ్వలంకవాళ్లు ఇప్పటికే ఒప్పుకున్నారు.

అతను వెళ్లాక అందరం షెడ్డులో ఒకచోట కూర్చున్నాం.

"కుండమార్పిడి పెళ్లిలాగుంది," అన్నాను. "వాళ్ల పిల్ల మనకి, మన పిల్ల వాళ్లకి."

ఈసారి ఒక్కరూ నవ్వలేదు. జోకు బాగానే ఉందని నా అభిప్రాయం.

పోలయ్య అన్నాడు: "గువ్వలంకోళ్ల ఇళ్లలోకి మన పెద్దోళ్లు ఒక్కసారైనా ఎళ్లారా?"

"పెళ్లికి పిలిత్తే అరుగు బయటే నిలబడి తాంబూలం పుచ్చుకునేవోళ్లు," అంది అత్త. "మంచినీళ్లు కూడా తాగేవోళ్లు కాదు. ఇప్పుడు తిన్నగా నడింటి కప్పు మీదకే ఎక్కుతాం."

"మనం ఒద్దంటే?"

"మనం ఒద్దన్నా మన ఊరు పోద్ది. ఒద్దంటే ఊరుతోపాటు పిల్లలూ పోతారు. ఊరూ దక్కి, పిల్లలూ దక్కే దారుంటే చెప్పండి, కాళ్లు పట్టుకుంటాను."

చేతులెత్తి ఓటు వేశారు. ఎనభై మందిలో డెబ్భై ఆరు చేతులు లేచాయి. నాది లేచిందో లేదో ఈ పుస్తకంలో రాయడం లేదు. ఇది మేడం కూడా చదువుతారు.

లేచిందని రాస్తున్నాను. ఆవిడ చదివితే చదవనీ.

పెదమొగ ఆనవాళ్లు చెప్పడానికి అత్త ఒప్పుకుంది. వేరేవాళ్లు చెబితే తప్పులు చెబుతారట.

1,237వ రోజు

మొన్నటినుంచి చీటీలు వస్తున్నాయి. పోలయ్య పిల్లలు అన్నం తిన్నారు. పెదమొగలో ఈ ఉదయానికి యాభై రెండు కప్పులు. సర్వేకు పదమూడు రోజులుంది.

గువ్వలంక పని ఈరోజు మొదలు. పోలయ్య తొడుగులు తొడిగి, ఆ ఊరి మొదటి ఇంటి దగ్గర ఆగిపోయాడు. మొదటి పెంకు నేను తియ్యలేనన్నాడు. షెడ్డు మొత్తం నావైపు చూసింది. ఏడాదిగా నేను ఎవరి కప్పూ నా చేత్తో విప్పలేదు. ప్రేరకులు విప్పరు, విప్పిస్తారు. తొడుగులు అడిగి తీసుకున్నాను.

లోపల చల్లగా ఉంది. వేళ్లకు బురద తగిలింది. చెవిలో గరగరమని గొంతు.

"అబ్బాయ్, ఇనపడతందా?"

"వినపడుతోందండి."

"నన్ను యేసోబంటారు. గువ్వలంక ఆనవాళ్లు నేను చెప్పాలంట. నీ పేరేంటి?"

"తాతాజీ అండి."

"గొంతు చూత్తే కుర్రోడిలా ఉంది."

"పేరు పెట్టేటప్పుడు నన్నడగలేదండి."

ఆయన నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగి, కాసేపటికి తేరుకుంది. "ఎక్కడున్నావిప్పుడు?"

"ఏదో గోడండి. పక్కన గుండ్రంగా సిమెంటుది ఉంది. తొట్టిలాగా. ఒక చోట అంచు విరిగింది."

విరిగిన అంచు వెంట వేలు పోనిచ్చాను.

"గేదె కుమ్మింది దాన్ని," అన్నాడాయన. "అది మా ఇల్లేరా అబ్బాయ్."

నా చేతులు గాలిలో ఆగిపోయాయి. చెప్పాలా వద్దా అనుకుంటూనే చెప్పేశాను. "తాతగారూ, ఒక మాటండి. మీకు ఎవరైనా చెప్పారో లేదో. కప్పున్న ఇళ్లు నలభై ఉంటేనే..."

"తెలుసు. మా ఊళ్లో నలభై మూడున్నాయి."

"తెలిసే ఒప్పుకున్నారా?"

"మీరు తెలవక ఒప్పుకున్నారా?"

పక్క వరసలో అత్త గొంతు వినిపిస్తోంది. పెదమొగలో ఎవరికో దారి చెబుతోంది, రేవు వీధిలో కుడి వైపు, జాగ్రత్త, అక్కడ మెట్లుంటాయి, అని.

"మా కోడలికి నెలలు నిండాయి," అన్నాడు యేసోబు తాత. "కప్పు ఒండుకు తినలేం గదా. మీ ఊరామె ఒకావిడ లైనులో ఉంటంది, నూకరత్నమంట. అన్నీ ఇడమర్చి చెబుతందని మా పిల్లలు ఒకటే మెచ్చుకోలు."

"మా మేనత్తండి."

"అలాగా. మంచిది."

ఇనప చేతిని ఇంటి మీదికి ఎత్తాను. పెంకుల వరస వేళ్లకు తగిలింది. నాచు పట్టినా ఒక్కటీ కదలకుండా, పేర్చినవాడి చెయ్యి తెలిసేటట్టుంది. ఉత్తరం కొస పెంకు మీద వేళ్లు ఆనించి అక్కడే ఉండిపోయాను.

"ఏ పక్కనున్నావు?" అన్నాడు తాత.

"ఉత్తరం పక్కండి."

"అటు ఒద్దు. ఆ వాసం పుచ్చిపోయింది. మారుత్తాను, మారుత్తాను అనుకుంటానే ఉన్నాను, నీళ్లొచ్చేశాయి. దక్షిణం పక్క నుంచి తియ్యి. ఇటు నుంచి తీత్తే నీ మీద పడుద్ది నాయనా."

నేను మూడు వందల కిలోమీటర్ల అవతల రేకుల షెడ్డులో ఉన్నానని చెప్పబోయాను. ఆయనకు తెలియక కాదు.

"అలాగేనండి," అన్నాను. ఇనప చేతిని దక్షిణానికి మళ్లించాను. షెడ్డులో నేను నిలబడ్డ చోటునుంచి కూడా ఒక అడుగు పక్కకు జరిగాను.